బస్తాకి చెవి ఆనించిన మేడమ్

ఆ ధాన్యం పరిశోధన కేంద్రంలో ఎవరినైనా ఆపి, శాస్త్రవేత్తగారి గది ఎక్కడండీ అని అడిగితే తల గోక్కుంటారు. పురుగుల మేడమ్ ఎక్కడుంటారని అడిగితే మాత్రం గేటు దగ్గర వాచ్‌మన్ మొదలు క్యాంటీనులో గిన్నెలు కడిగే మనిషి దాకా అందరూ ఒకే వైపు చెయ్యి చూపిస్తారు. వరండా చివర, గోడౌన్‌ని ఆనుకుని, ఒకప్పుడు విరిగిన కుర్చీలు పడేసిన గది అది. కిటికీకి ఒక రెక్క లేదు. అల్మారా నిండా మూతికి గుడ్డ కట్టిన గాజు సీసాలు, సీసాల్లో గోధుమలు, గోధుమల్లో ముక్కు పురుగులు. కొత్తగా వచ్చినవాళ్ళు అక్కడ కూర్చునే ముందు కుర్చీ దులిపి మరీ కూర్చుంటారు. మేడమ్ ఏమీ అనుకోదు. "కుర్చీలో ఉండవండీ. గింజలో ఉన్న సుఖం వాటికి కుర్చీలో ఎక్కడ దొరుకుతుంది" అంటుంది.

ఆ పేరు ఊరికే రాలేదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆవిడ పని చాలా సాదాసీదా. బస్తాలోంచి గుప్పెడు గింజలు తియ్యాలి, జల్లెడ పట్టాలి, రాలిన పురుగుల్ని లెక్కపెట్టి పైకి రాసి పంపాలి. చిక్కల్లా ఏమిటంటే, జల్లెడలో పురుగు కనపడిందంటే అప్పటికే కొంప మునిగినట్టు. తల్లి పురుగు గింజకి కన్నం చేసి, లోపల గుడ్డు పెట్టి, కన్నం పూడ్చేసి తన దారిన తాను పోతుంది. పిల్ల లోపలే పుట్టి, లోపలే మేసి, ఒళ్ళు చేసి, పెద్దదయ్యాక గోడ బద్దలుకొట్టుకుని బయటికొస్తుంది. అంతవరకూ గింజ పైకి నిగనిగలాడుతూనే ఉంటుంది. నిగనిగలు చూసి అందరూ నిశ్చింతగా నిద్రపోతారు.

ఒక రోజు లోడు దింపేవాళ్ళ కోసం నిలబడి నిలబడి కాళ్ళు పీకి, మేడమ్ ఒక బస్తా మీద తల వాల్చింది. చెవిలో ఏదో చిటపటమంది. చెవి కమ్మ కదులుతోందనుకుని తీసి జేబులో వేసుకుంది. చిటపట ఆగలేదు. మర్నాడు భర్త దగ్గర మూలపడి ఉన్న స్టెతస్కోపు పట్టుకొచ్చింది. ఆయన ఆసుపత్రిలో నర్సు, ఇచ్చేటప్పుడు ఎందుకని కూడా అడగలేదు. లారీల వాళ్ళు ఊరుకుంటారా?

"బస్తాకి జ్వరమా మేడమ్?"

"లేదు, కడుపుతో ఉంది" అంది మేడమ్, తల ఎత్తకుండానే.

అక్కడ మొదలైన పని ఏళ్ళ మీద ఏళ్ళు సాగింది. స్టెతస్కోపు పోయి సన్నటి మైకు వచ్చింది. ఏ బస్తాలో పురుగు మేస్తోందో, అది బయటపడక ముందే చెప్పడం ఆవిడకి చేతనైంది. కానీ గోడౌన్ సంతకంటే గోలగా ఉంటుంది. లారీలు, పంకాలు, రేకుల మీద వాన, హమాలీల తిట్లు. వాటన్నిటి అడుగున వినపడే ఆ చిటపటలో పురుగుది ఎంత, గోలది ఎంత అని ఎవరైనా నిలదీస్తే ఆవిడ దగ్గర గట్టి జవాబు లేదు. చప్పుడే లేని గది ఒకటి కావాలి. అలాంటిది ఆ చుట్టుపక్కల ఎక్కడా లేదు.

డైరెక్టరుగారు మంచివారే. ఆయన గదిలో గోడ మీద ఫ్రేము కట్టించిన కాగితం ఒకటుంది. ఎక్కడో దూరదేశపు ల్యాబుకి ఆయన ఏళ్ళ తరబడి గింజల నమూనాలు పార్సిల్ చేస్తే, వాళ్ళు వేసిన పెద్ద పరిశోధన పేపరులో ఆఖరి పేజీ అది. అట్టడుగున, కంటికి ఆనీ ఆనని అక్షరాల్లో, నమూనాలు పంపినందుకు ఆయనకి కృతజ్ఞతలు అని ఉంటుంది. వచ్చినవాళ్ళందరికీ ఆయన అది వేలు పెట్టి చూపిస్తారు. మేడమ్‌కీ చూపించారు. చూడగానే ఆవిడకి నవ్వు రాలేదు. అన్నేళ్ళ చాకిరీ, ఎండలో వానలో తిరిగిన గోడౌన్లు, అన్నీ ఆ ఒక్క వరుసలో ఇరుక్కుని కూర్చున్నాయి. నా పేరు ఉంటే పేపరు పైన ఉండాలి, లేదంటే అసలు ఉండకపోయినా ఫర్వాలేదు అని ఆ రోజే గట్టిగా అనుకుంది.

మహిళా శాస్త్రవేత్తలకి వేరే దేశాల్లోని పరిశోధకులతో కలిసి పనిచెయ్యడానికి ప్రయాణ గ్రాంటు ఇస్తున్నారని తెలిసి మేడమ్ మొదటిసారి పెట్టిన దరఖాస్తు తిరిగొచ్చింది. అక్కడ మీతో కలిసి పనిచేసేదెవరో తేల్చుకుని రండి అన్నారు. న్యాయమే. అప్పుడావిడ, చిన్నచిన్న చప్పుళ్ళ మీద పనిచేసే ఒకావిడకి మైకు గురించి ఒకే ఒక్క ప్రశ్న రాసి పంపింది. జవాబుతో పాటు తిరుగు ప్రశ్నలు బోలెడు వచ్చాయి. ఏడాది తిరిగేసరికి ఇద్దరూ ఒకరి పని ఒకరు గడగడా అప్పజెప్పగలిగేంతగా మాట్లాడుకున్నారు. ఇంట్లో అత్తగారు ఆ పరాయి దేశపావిడకి చెవుల డాక్టరు అని పేరు పెట్టేసింది. రెండోసారి గ్రాంటు మంజూరైంది.

"ఎందుకమ్మా అంత దూరం?" అన్నారు డైరెక్టరుగారు. "రికార్డింగులు పంపిస్తే సరిపోదూ? నేను పంపలేదూ?"

"పంపొచ్చు సార్. కానీ పార్సిల్‌ని కూర్చోబెట్టి నీ అభిప్రాయమేమిటని ఎవరూ అడగరు కదండీ."

ఆయన గోడ మీది ఫ్రేము వైపు ఓసారి చూసి, సెలవు మంజూరు చేశారు.

ఇంట్లో సంగతి వేరు. భర్తకి షిఫ్టులు, కూతురికి పరీక్షలు. అత్తగారు టెలిఫోన్ ఎక్స్‌ఛేంజీలో ఆపరేటరుగా చేసి రిటైరైన మనిషి. ఇల్లంతటికీ ఆవిడ గొంతే పెద్దది.

"అన్ని వారాలు వంటా అదీ ఎలా అత్తయ్యా?" అంది మేడమ్.

"వాడికి వంట రాదని నువ్వనుకుంటున్నావు. రాదని వాడు నటిస్తున్నాడు. రెండు పూటలు ఆకలేస్తే అన్నీ వచ్చేస్తాయి."

"నాకు వినపడుతోందమ్మా" అన్నాడు కొడుకు, పక్కగదిలోంచి.

"వినపడాలనే అన్నాను." తర్వాత గొంతు తగ్గించి కోడలితో అంది. "ఒక్క మాట చెప్తాను విను. అక్కడెవరైనా నీ మాటకి అడ్డొస్తే చిన్నబుచ్చుకుని ఆగిపోకు. వాళ్ళు ఊపిరి తీసుకునేదాకా ఆగి, మళ్ళీ మొదటినుంచి అందుకో. జన్మంతా లైన్లు కలిపినదాన్ని, నాకు తెలుసు."

బతికున్న పురుగుల్ని దేశాలు దాటించనివ్వరు. అందుకని మేడమ్ వెంట రికార్డింగులూ మైకూ మాత్రమే వెళ్ళాయి. అదే జాతి పురుగులున్న గింజల్ని చెవుల డాక్టరే పక్క విభాగంలో అడిగి సీసాల్లో తెప్పించి ఉంచింది. మనిషి పొడుగు, మాట తక్కువ. ఇద్దరూ ఇద్దరికీ సొంతం కాని మూడో భాషలో మాట్లాడుకున్నారు. తప్పులు చెరిసగం కాబట్టి సిగ్గుపడే పని లేకపోయింది. చెవుల డాక్టరు పైన ఒక పెద్ద ప్రొఫెసరు ఉన్నాడు, తలుపు తట్టకుండా లోపలికొచ్చే రకం.

ఇక ఆ చప్పుడు లేని గది. గోడలకీ కప్పుకీ మూరెడేసి మెత్తటి దిమ్మలు, నేల బదులు తీగల వల. తలుపు మూశాక మేడమ్‌కి తన గుండె చప్పుడే వినపడి, ఎవరో వస్తున్నారని వెనక్కి తిరిగి చూసింది. మొదటి రికార్డింగులో అన్నిటికంటే గట్టిగా పలికింది ఆవిడ కడుపు. విమానంలో పెట్టింది సయించక పస్తు ఉంది మరి. ఇద్దరూ పడీ పడీ నవ్వుకున్నారు.

ఆ తర్వాత నవ్వేందుకేమీ మిగల్లేదు. సీసా పెట్టి విన్నారు, చప్పుడు లేదు. మైకు మార్చారు, సీసా మార్చారు. మర్నాడూ అంతే. ప్రొఫెసరు వచ్చి తనూ విని, ఎంతో మర్యాదగా అన్నాడు. "గోడౌన్లో మీరు విన్నది బస్తాలు సర్దుకునే చప్పుడేమో. అలా పొరబడటం మామూలే."

తిడితే తిరిగి తిట్టొచ్చు, మర్యాదకి ఏం జవాబు చెప్తాం? మేడమ్ బయటికొచ్చి వరండాలో బెంచీ మీద కూలబడింది. ఇన్నేళ్ళూ గోనెసంచుల మూలుగు వింటూ కూర్చున్నానా అన్న భయం మొదటిసారి పుట్టింది. ఒళ్ళు వణికింది. భయానికి కొంత, చలికి కొంత. దిగిన రోజు నుంచీ ఆవిడ చలి చలి అంటూనే ఉంది. ఉన్న స్వెట్టరు మీద ఇంకో స్వెట్టరు తొడుక్కోబోయి, ఒక చెయ్యి దూర్చి, అలాగే ఆగిపోయింది.

ఆవిడ గోడౌన్‌లో చలి అన్న మాటే లేదు. పురుగుకి చలేస్తే మేత మానేస్తుందని పుస్తకంలో చదివిందే తప్ప ఆలోచించాల్సిన అవసరం ఎన్నడూ రాలేదు. ఇక్కడేమో వేడిగాలి ఊదే మర చప్పుడు చేస్తుందని ఆ గదికి వేడే పెట్టరు. సీసాలు వచ్చింది కూడా చల్లటి బీరువాలోంచి. చప్పుళ్ళావిడకి పురుగుల సుఖం తెలీదు, పురుగులావిడకి చలి తెలీదు. ఈ పొరపాటు జరగాలంటే వీళ్ళిద్దరే కలవాలి, కలిశారు, జరిగింది.

"రెండు స్వెట్టర్లు నేను వేసుకుని, వాటిని ఒట్టి గాజులో కూర్చోబెట్టాను" అని చెవుల డాక్టరుతో చెప్పి మేడమ్ తనని తానే నాలుగు తిట్టుకుంది. హీటరు మీద పెడితే ఉడికిపోతాయి. అందుకని చెరో సీసా స్వెట్టరు లోపల పొట్టకి ఆనించి పెట్టుకుని, ఎండ పడే కిటికీ పక్కన కూర్చున్నారు.

"ఈ గది కట్టినప్పటినుంచీ నేనిక్కడే ఉన్నాను" అంది చెవుల డాక్టరు. "అందరూ చప్పుళ్ళు పంపిస్తారు. అవి పుట్టిన చోటు ఒక్కటి కూడా నేను చూడలేదు."

"మరి వెళ్ళలేదేం?"

"ఎవరూ పంపలేదు. నేనూ అడగలేదు."

"పేపర్ల మీద ముందు పేరు నీదేనా?"

"ప్రొఫెసరుగారిది. ఇక్కడ అలవాటే అంత."

మేడమ్ సీసాని ఇంకాస్త దగ్గరికి హత్తుకుంది.

సీసాలు వెచ్చబడ్డాక ఉన్ని గుడ్డల్లో చుట్టి, గదిలో పెట్టి, తలుపు మూసి, కుదుపుకి బెదిరిన పురుగులు కుదుటపడేదాకా ఊపిరి బిగబట్టి కూర్చున్నారు. చిటిక్. మళ్ళీ చిటిక్. తర్వాత వరసగా, తీరుబడిగా, నిక్షేపంగా మేత మొదలైంది. అవే చప్పుళ్ళు, గోడౌన్లో విన్నవే. మేడమ్ అమ్మయ్య అనుకునేలోపు చెవుల డాక్టరు చెయ్యెత్తి ఆగమంది. ఏవో మీటలు తిప్పి, పెద్ద చప్పుళ్ళని పక్కకి తోసి, హెడ్‌ఫోను మేడమ్ చెవులకి పెట్టింది.

"దీని అడుగున ఇంకోటుంది. విను."

సన్నగా, కాగితం మీద గోరు తగిలినంత చప్పుడు. గింజలు చీల్చి భూతద్దం కింద చూస్తే తెలిసింది. అప్పుడే గుడ్డులోంచి వచ్చిన పిల్లలు, చుక్కంత లేవు. వాటి మేత మేడమ్ జన్మలో వినలేదు. గోడౌన్ గోలలో ఎన్నటికీ వినగలిగేది కాదు. ఇంత ముందుగా పసిగట్టగలిగితే ఎన్ని బస్తాలు నిలబడతాయో తలుచుకునేసరికి కళ్ళు నిండిపోయాయి. దాచుకోలేదు, ఏడ్చేసింది. చెవుల డాక్టరు రుమాలు ఇచ్చి, తర్వాత అదే రుమాలు తనూ అడిగి తీసుకుంది.

బయల్దేరే ముందు రోజు ప్రొఫెసరు ఇద్దరినీ తన గదికి పిలిచాడు. మనిషి మహా సంతోషంగా ఉన్నాడు.

"ఇక మీరు ఇంత దూరం రానక్కర్లేదు. నెలనెలా గోడౌన్ రికార్డింగులు పంపండి చాలు. మిగతాది మేం చూసుకుంటాం. మీరు చేసిన సాయాన్ని పేపరులో తప్పకుండా ప్రస్తావిస్తాం."

అట్టడుగు వరుస మేడమ్ కళ్ళముందు ఆడింది. ఇప్పుడు ఊ అంటే జన్మంతా ఊ అనాల్సిందే. కాదంటే ఈ గది, ఆ సన్నటి చప్పుడు, అన్నీ చేజారిపోవచ్చు.

"నేను సాయానికి రాలేదండీ. కలిసి పనిచెయ్యడానికొచ్చాను" అంది.

"అదే, ఇక్కడి పద్ధతి ఏమిటంటే" అని ఆయన అందుకున్నాడు. పద్ధతి చాలా పొడుగు. మేడమ్ ఆయన ఊపిరి తీసుకునేదాకా ఆగి, "నేను సాయానికి రాలేదండీ" అని మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టింది. ఆయన మళ్ళీ అడ్డొచ్చాడు. ఆవిడ మళ్ళీ ఆగింది, మళ్ళీ అందుకుంది. ఈసారి ఆయన విన్నాడు.

"ఈవిడ మా గోడౌన్‌కి రావాలి. ఒక పంటకాలం ఉండాలి. నా దగ్గర పనిచేసే అమ్మాయి ఇక్కడికి రావాలి. రికార్డింగులు రెండు చోట్లా ఉంటాయి. గోడౌన్ మీద ఒక పేపరు, పిల్ల పురుగుల మీద ఒకటి. మీకు కుదరదంటే నా రికార్డింగులు నాతో తిరిగొస్తాయి."

"ఆవిడకి ఇక్కడ బోలెడు పనుంది" అన్నాడు ప్రొఫెసరు.

"నేను వెళ్తాను" అంది చెవుల డాక్టరు. అన్న మాట నిలబెట్టుకుంది కూడా. మరుసటేడు వచ్చి, ముక్కునిండా దుమ్ము పీల్చి, తుమ్ముతూ తుమ్ముతూనే బస్తాలు వింది.

ప్రొఫెసరు ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. చెడ్డవాడు కాదు, అడిగేవాళ్ళు లేక అలా సాగిపోయినవాడు. "సరే. గోడౌన్ పేపరు మీద ముందు పేరు ఎవరిది?" అన్నాడు. అది మీ ఇష్టమండీ అన్న జవాబు కోసం వేసే ప్రశ్న.

"నాది" అంది మేడమ్.

"మరి రెండోది?" అన్నాడాయన, తన పేరు రాసుకోవడానికి కలం తీస్తూనే.

మేడమ్‌కి మాట నాలిక చివరిదాకా వచ్చింది. బిగబట్టుకుంది. ఆ మాట తను చెప్పేస్తే చెవుల డాక్టరు తరఫున చెప్పేవాళ్ళలో తనూ ఒకతె అవుతుంది. ఆవిడ వైపు తిరిగింది.

"అదీ..." అని ఆగి, చెవుల డాక్టరు తన ప్రొఫెసరు మొహంలోకి సూటిగా చూసి, "నాది" అంది.

బయటికొచ్చాక మేడమ్‌కి తన పేరు పైకెక్కినందుకంటే ఆ రెండో "నాది" విన్నందుకే ఎక్కువ గర్వంగా ఉంది. ఆ మాట అనడం ఎలా ఉందని అడిగింది.

"ఇంకోసారి అనాలనుంది" అంది చెవుల డాక్టరు.