కూర్చుంటే పోయే నొప్పి

ఆ రోజు ఉదయం న్యూటౌన్ రోడ్డు పక్కన స్టాప్‌వాచ్ పట్టుకుని నిలబడ్డాను. మా అమ్మాయి నీలవేణి ఆఖరి కిలోమీటరు వేగం ప్రాక్టీసు చేస్తోంది. ఒక ప్రైవేటు టీము తరఫున సైకిల్ రేసులు తొక్కడమే తన ఉద్యోగం. ఏడాదికోసారి కాంట్రాక్టు. నా ముందు నుంచి దూసుకుపోవలసిన పిల్ల కాస్త దూరంలోనే నెమ్మదించి, ఎడమకాలు వేలాడేసుకుని వచ్చి ఆగింది. తొడ నుంచి కింది దాకా మొద్దుబారిపోయిందనీ, అసలు ఆ కాలు తనది కానట్టుందనీ చెప్పింది. ఫుట్‌పాత్ మీద కూర్చోబెట్టాను. ఐదు నిమిషాలు కాకుండానే లేచి, "తగ్గిపోనాది నాన్నా" అంది. నేను నవ్వాను.

ఎందుకు నవ్వానో చెప్పాలి. మాది శ్రీకాకుళం జిల్లా. బతుకుతెరువుకి ఈ బెంగాలీవాళ్ళ ఊరొచ్చాను. వాట్‌గంజ్‌లో కాపురముంటూ, ఓడరేవు డాకులో బస్తాలు మోసే గ్యాంగుకి ఇరవై ఏళ్ళు సర్దారుగా చేశాను. పనిదొంగని పట్టడానికి మాకొక పరీక్ష ఉండేది. కాలు నొప్పనో నడుం నొప్పనో అన్నవాణ్ణి కూర్చోబెట్టి బీడీ ఇచ్చేవాళ్ళం. బీడీ అయ్యేలోగా నొప్పి పోయిందా, వాడు దొంగ. పోలేదా, నిజంగానే నొప్పి. నాకు ముందున్న సర్దారు ఇది నాకు నేర్పాడు. నేను పదిమందికి నేర్పాను. బీడీ తప్ప మిగతా పరీక్షంతా నా కూతురికీ పెట్టాను.

ఆ సీజన్లో మూడు పెద్ద రేసులు ఉన్నాయి. చేతికందింది నోటికందలేదంటారే, ఆ మాట చాలాసార్లు వాడినవాణ్ణే గాని దాని చేదు ఆ ఏడాదే తెలిసింది. జాతీయ రోడ్డు పోటీలో ఆఖరి మలుపు దాకా నీలవేణే ముందుంది. గీత దగ్గర అర చక్రం తేడాతో రెండోదయింది. తర్వాత కొండదారిలో నాలుగు రోజుల రేసు. మూడు రోజులు అందరికన్నా ముందు నిలిచి, నాలుగో రోజు చివరి కొండ ఎక్కేటప్పుడు కాలు మొరాయించి నాలుగో స్థానానికి పడిపోయింది. మూడోది ఆసియా పోటీలకు సెలక్షన్. అందులో ఇద్దరినే తీసుకుంటారు. తను మూడోది.

మధ్యలో ఆస్పత్రులు తిరగకపోలేదు. ఎముకల డాక్టరు X-ray తీయించి normal అన్నాడు. MRI తీస్తే mild disc bulge ఉందిట, అది సగం మందికి ఉంటుందన్నాడు. నడుం దగ్గర నరం నొక్కుకుంది, Sciatica అనుకుని మాత్రలు, నడుముకి బెల్టు, రెండు నెలలు physiotherapy. రక్తంలో iron తక్కువుందని ఇంకో మాత్ర. మంచం మీద పడుకోబెట్టి కాళ్ళలో రక్తం పారే తీరు చూసే Doppler తీసినాయన, flow చక్కగా ఉందని భుజం తట్టి పంపాడు. రిపోర్టు మీద normal అన్న మాట చూసినప్పుడల్లా మా ఆవిడ దేవుడికి దండం పెట్టుకునేది. నీలవేణి మొహం మాత్రం ఇంకాస్త చిన్నబోయేది. చివరికి ఒక పెద్ద డాక్టరు, performance anxiety కావచ్చు, counselling ఇప్పించండి అన్నాడు. నాకు కావలసిన మాట దొరికింది.

మూడో రేసు దక్షిణాదిన జరిగింది. తిరిగొచ్చి మన ఊళ్ళో షాలిమార్ స్టేషన్లో రైలు దిగాం. విప్పిన సైకిలున్న పెట్టె తను మోస్తోంది, బ్యాగులు నా దగ్గరున్నాయి. దారంతా పళ్ళ బిగువున ఆపుకున్నది అక్కడ ప్లాట్‌ఫారం మీద కక్కేశాను. "కాలు కాదే. గీత కనబడితే నీకు భయం. నిజం నొప్పయితే కూకుంటే పోతాదేటి?"

తను పెట్టె కింద పెట్టింది. నా వైపు చూడలేదు. "అంతేనేమో నాన్నా" అంది.

ఒప్పుకుంది కదా, ఇక బాగుపడుతుందని అనుకున్నాను. ఇప్పటికీ ఆ మాట గుర్తొస్తే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

తర్వాత రెండు నెలలు ఇంకా కఠినంగా తొక్కింది. నొప్పి మెట్లెక్కినా రావడం మొదలైంది. అప్పటికి physiotherapy సెంటర్లో కొత్తగా చేరిన ఒకమ్మాయి, ఎక్కడ నొప్పి అని అడగకుండా, ఎప్పుడొస్తుంది, ఎప్పుడు పోతుంది అని అడిగింది. జవాబు విని వెంటనే రక్తనాళాలు చూసే vascular surgeon దగ్గరికి చీటీ రాసింది. ఏడాది పాటు ఎవరూ అడగని ప్రశ్న అది. నేనైనా అడగలేదు.

ఆ సర్జన్ నలభై ఏళ్ళ బెంగాలీ ఆవిడ. మా normal రిపోర్టుల కట్టంతా పక్కకి పెట్టి, రేపు సైకిల్ తీసుకుని రమ్మంది. ఆస్పత్రికి సైకిలేమిటని నేను గొణిగాను. మర్నాడు నీలవేణి కోచ్ బిశూదా, నేను కలిసి సైకిల్నీ, వెనక చక్రాన్ని బిగించే స్టాండునీ టాక్సీలో వేసుకెళ్ళాం. ఒక గదిలో బిగించారు. రేసులో ఎలా వంగి తొక్కుతుందో అలాగే తొక్కమన్నారు. కాళ్ళకింద చెమట మడుగు కట్టింది. పదిహేను నిమిషాలయ్యాక "వచ్చేసినాది" అంది నీలవేణి. గబగబా పడుకోబెట్టి రెండు చీలమండలకీ BP పట్టీలు చుట్టారు. కుడికాలికి అంకె వచ్చింది. ఎడమకాలికి మెషీన్ రెండుసార్లు ప్రయత్నించి ఊరుకుంది. ఐదు నిమిషాలాగి చూస్తే రెండు కాళ్ళూ దాదాపు సమానం.

External iliac artery అంది డాక్టరు. పొత్తికడుపు లోంచి కాలికి రక్తం తీసుకెళ్ళే గొట్టమట. ఏళ్ళ తరబడి నడుం వంచి లక్షలసార్లు తొక్కడంతో లోపలి గోడ దళసరెక్కి దారి ఇరుకైపోయింది. నడకకి ఆ రక్తం సరిపోతుంది, గెలవడానికి సరిపోదు. నేను ఉండబట్టలేక, కూర్చుంటే పోతుంది కదమ్మా అన్నాను. ఆవిడ బాబాయిని పిలిచినట్టు నన్ను పిలిచి, హిందీలో నెమ్మదిగా చెప్పింది: "కాకూ, కూర్చుంటే పోవడమే ఈ జబ్బు."

అప్పుడు నాకు సింహాచలం గుర్తొచ్చాడు. మా గ్యాంగులో మనిషి, మంచి మోతగాడు. నాలుగు బస్తాలు మోసేసరికి పిక్క పట్టేస్తోందని కూలబడేవాడు, బీడీ కాల్చుకుని లేచేవాడు. మూడుసార్లు చూసి గ్యాంగు లోంచి పేరు కొట్టేశాను. కొన్నేళ్ళకి ఊళ్ళో అతని కాలు తీసేశారని తెలిసింది. ఎందుకు తీశారో నేను అడగలేదు. డాక్టరమ్మకి చెబితే, అతనిది వేరే జబ్బయి ఉంటుందనీ, బీడీలు కాల్చేవాళ్ళకి రక్తనాళాలు అలాగే మూసుకుపోతాయనీ చెప్పింది. అంటే నేను పరీక్షకని ఇచ్చిన బీడీ కూడా విషమే.

CT angiogram తీసి, ఆపరేషన్ చేసి, ఇరుకైన చోట కాలి సిర ముక్కతో patch వేశారు. పది రోజులకి గజ్జలో కుట్లు చీముపట్టి మళ్ళీ చేర్చవలసి వచ్చింది. ఆ మంచం మీద ఉండగానే, కాంట్రాక్టు కొనసాగించడం లేదని టీము వాళ్ళ ఫోనొచ్చింది. గోరుచుట్టు మీద రోకటిపోటు. తను ఫోన్ పెట్టేసి గోడవైపు తిరిగి పడుకుంది. ఏడాది తర్వాత ఒక చిన్న రేసులో దిగింది. సగం దూరంలో అదే కాలు, అదే మొద్దు. స్కాన్‌లో మళ్ళీ ఇరుకయిందని తేలింది. ఇంకో ఆపరేషన్ చేయొచ్చు గాని రేసుల కోసమైతే నేను చేయను అంది డాక్టరు. నీలవేణి ఒక్కరోజు ఆలోచించుకుని, చాలు అంది.

ఆ సాయంత్రం దాని పక్కన కూర్చుని, తప్పయిపోయింది, క్షమించమన్నాను. షాలిమార్లో నేనన్న మాటకి నాతో ఎందుకు పోట్లాడలేదని అడిగాను.

"నువ్వొక్కడివే అనుకుంటే పోట్లాడేదాన్ని నాన్నా. నానూ అదే అనుకున్నాను. గీత కాడ కాలు సచ్చుబడిపోతుంటే, పిరికిదాన్నని నన్ను నానే తిట్టుకుంటా తొక్కినాను."

మొహం దాచుకోవడానికి నాకు చోటు దొరకలేదు. కూతురి ముందు ఏడ్చాను.

ఇప్పుడు నీలవేణి సాల్ట్ లేక్‌లో ఒక సైకిళ్ళ దుకాణంలో పనిచేస్తోంది. కొనడానికి వచ్చినవాళ్ళ కొలతలు తీసి సీటూ హ్యాండిలూ సరిచేస్తుంది. నిటారుగా కూర్చుని తొక్కే సైకిల్ మీద ఇంటి చుట్టుపక్కల తిరుగుతుంది, నొప్పి లేదు. టీవీలో రేసులు వస్తే మాత్రం లేచి వంటింట్లోకి పోతుంది. మేమెవరం పిలవం.

చదివేవాళ్ళకి నేను చెప్పగలిగింది ఒక్కటే. మీ ఇంట్లో ఎవరికైనా పనిచేస్తే నొప్పొచ్చి, కూర్చుంటే పోతుంటే, పడుకోబెట్టి తీసిన రిపోర్టుతో సరిపెట్టుకోకండి. ఏ పనిలో నొప్పొస్తుందో డాక్టరుకి విడమరచి చెప్పండి, ఆ పని చేయించి, నొప్పి ఉన్నప్పుడే పరీక్ష చేయమని అడగండి. అది తేలేదాకా మనిషి మాట నమ్మండి. నా కూతుర్ని నమ్మడానికి నాకు మెషీన్ కావలసి వచ్చింది.