గోడ అవతలి పియానో

ఇంగ్లండ్‌లోని యార్క్‌షైర్ నేతమిల్లులో వయసంతా గడిపిన విన్నీ గార్‌సైడ్‌కు ఆదివారం మధ్యాహ్నం రేడియో వినడమే పండగ. ఆ రోజు, జనం ఏనాడో మరిచిపోయిన ఆంబ్రోస్ థ్వెయిట్ అనే స్వరకర్త పియానో రచన వేశారు. దాన్ని ఇంతవరకు ఎవరూ వాయించలేదని వ్యాఖ్యాత చెప్పాడు.

విన్నీ మాత్రం ప్రతి స్వరాన్నీ అది రాకముందే కూనిరాగంగా పాడింది. టీ తాగుతున్న పొరుగింటి హిల్డా బిత్తరపోయింది.

"నీకెలా తెలుసే ఇది?"

"చిన్నప్పుడు ఇదే ఇంట్లో, ఈ గోడ అవతల రోజూ ఎవరో వాయించేవాళ్లు. వింటూనే నిద్రపోయేదాన్ని."

"అవతల ఇల్లెక్కడిదే, పిచ్చిమొహమా? వీధిలో మీదే చివరిల్లు. ఆ పక్కనంతా కొండే కదా!"

విన్నీ ఆ గోడకేసి చూసింది. అంతలో సంగీతం మధ్యలో తెగిపోయింది. ఇక్కడిదాకా రాసి స్వరకర్త కన్నుమూశాడని వ్యాఖ్యాత చెప్పాడు.

"అయ్యో, అసలు అందమంతా ఇక ముందే ఉంది," అంటూ విన్నీ కళ్లు మూసుకుని మిగతాది చివరిదాకా పాడింది.