కొర్రమీను తొట్టికి మూత చేసిన మా రఫీక్ అన్న

నిన్న మధ్యాహ్నం ఫోన్ వచ్చింది. రఫీక్ అన్న పెద్దకొడుకు.

"మా అబ్బా పోయిండు అత్తా" అన్నాడు.

స్టవ్ మీద కుక్కర్ విజిల్స్ వేస్తూనే ఉంది. మా ఆయన వచ్చి ఆపేదాకా నేను కదల్లేదు.

టైపింగ్‌లో తప్పులుంటే సర్దుకుని చదవండి.

మీలో చాలామందికి అన్న తెలియదు. పెనుబల్లిలో మా పక్కిల్లు. వాళ్ళది రేకు పెట్టెల షాపు. ఆ చుట్టుపక్కల హాస్టల్‌కి పోయే ప్రతి పిల్ల ట్రంకూ ఆయన చేతిదే.

నాకు చిన్నప్పుడు ఆయాసం. వచ్చిందంటే గోడకు ఆనుకుని కూర్చోవడమే, పడుకోవడం ఉండదు. దవాఖానాలో సూదులు వేయించీ వేయించీ అమ్మ విసిగిపోయింది. ఇక మిగిలింది మిరుగు రోజు, అంటే మృగశిర కార్తె నాడు, వేసే చేపమందు ఒక్కటే. బతికున్న కొర్రమీను పిల్లతో కలిపి మింగాలి. చేప ఎవరిది వాళ్ళే తీసుకుపోవాలి.

అది ఎనభైల మొదట్లో సంగతి. వానల్లేక చెరువులన్నీ ఎండిపోతున్నాయి. మిరుగు దాకా ఆగితే దొరకవని నాన్న ముందే బురదలో దేవులాడి కొన్ని కొర్రమీను పిల్లల్ని పట్టుకొచ్చాడు.

మా ఇంట్లో కిరాయికున్న ఆఫీసరు ట్రాన్స్‌ఫరై పోతూ ఒక గాజు తొట్టి వదిలేసి వెళ్ళాడు. అందులో పోశాం.

అక్వేరియంలో కొర్రమీను! మేము తప్ప ఎవరూ చేయరు ఆ పని.

అది ఊరుకునే చేపా? ఎగిరి దూకుతుంది. తెల్లారి చూస్తే నేల మీద ఎండిపోయి, చీమలు పట్టి ఉండేది. ఒక్కొక్కటి పోతుంటే అమ్మ నన్ను దగ్గరకు లాక్కుని ఏడ్చేది. చేపలు పోతే ఇక నేనూ దక్కననే ఆమె భయం.

ఆ ఏడు పంట లేదు. గాజు మూత చేయించే పరిస్థితి కాదు. రఫీక్ అన్న పాత నూనె డబ్బా కోసి, రేకు సాపు చేసి, అంచులు మడిచి మూత చేశాడు. ట్రంకు మూత లాగా బిగుతుగా కూర్చుంది. మేమేమో చేపలకు చల్లగా ఉంటుందని అంచుదాకా నీళ్ళు నింపాం.

కొర్రమీను పైకొచ్చి గాలి మింగకపోతే బతకదు. మా ఎవరికీ ఆ ఆలోచనే రాలేదు.

సాయంత్రం అన్న వచ్చి మూత తీశాడు. అన్నీ వెల్లకిలా తేలి ఉన్నాయి. ఒక్కటి మాత్రం ఇంకా నోరు తెరుస్తోంది.

"నేనే సంపిన పెద్దమ్మా" అన్నాడు.

తర్వాత అదే రేకు నడుమ కోసేసి, చుట్టూ చట్రం మిగిల్చాడు. మేకుతో బెజ్జాలు కొట్టి, వాళ్ళమ్మ పాత దోమతెర ముక్క లాగి కుట్టాడు. జారకుండా చుట్టూ సైకిల్ ట్యూబు బిగించాడు. నీళ్ళు సగానికి దించాడు. మూతకు పైసా ఖర్చు కాలేదు.

ఆ రోజు నుంచి షాపు తెరిచే ముందు మా ఇంటికి రావడం, మిగిలిన ఆ ఒక్క చేపను చూడటం, తర్వాత నన్ను చూడటం.

మిరుగు వచ్చింది. తీరా మందు వేసేచోట మింగే టైముకి నేను పళ్ళు బిగించేశాను. రోజూ చూసిన చేప, ఎలా మింగను? అమ్మ దండం పెట్టింది నాకు. కన్నకూతురికి దండం పెట్టింది.

మాతో వచ్చిన అన్న నా గదవ పట్టుకున్నాడు. "మింగు చెల్లె. నీకు ఊపిరాడకుంటే నేను సూడలేను."

కళ్ళు మూసుకుని మింగాను.

తగ్గిందా అంటే ఏం చెప్పను. ఆ వానాకాలం బాగానే ఉన్నాను, మళ్ళీ వచ్చింది. ఇప్పటికీ పర్సులో ఇన్‌హేలర్ ఉంటుంది. అన్న మాత్రం ఎప్పుడు కలిసినా బాగున్నవా అని అడగలేదు. ఊపిరి ఎట్లుంది అనే అడిగేవాడు. నా పెళ్ళి పీటల దగ్గర కూడా అదే మాట.

నిన్న వాళ్ళబ్బాయి చెప్పాడు. కొన్ని రోజులుగా అన్న ఖమ్మంలో ఐసీయూలో ఉన్నాడట. ఆక్సిజన్ మీద.

నాకెందుకు చెప్పలేదురా అని అరిచాను.

వాడన్నాడు, "వద్దన్నడు అత్తా. చెప్తే ఏడుస్తది, ఏడిస్తే దానికి ఆయాసమొస్తది అన్నడు."

ఏడుస్తున్నాను అన్నా. వస్తే రానీ.

వెళ్ళిరా. ఆ పైవాడు నిన్ను చల్లటి నీడలో హాయిగా పడుకోబెట్టాలి.