వాలు కట్టించిన మావయ్య

మా వీధి లాయరు మావయ్య పోయారు. మొన్న ఆదివారం పొద్దున్నే అత్తయ్య ఫోన్ చేసి, "నిద్రలోనే వెళ్లిపోయారమ్మా" అంది. మాకు చుట్టరికమేమీ లేదు. బందరులో మా ఎదురిల్లు, అంతే. అయినా నేనివాళ తలెత్తుకుని పాఠం చెప్పుకుంటున్నానంటే అది ఆయన చలవే.

ఆయనకి చిన్నప్పుడే పోలియో వచ్చింది. చంకకర్రలతో నడిచేవారు. ఎవరింటికి వెళ్లినా, మిగతావాళ్లు చెప్పులు విప్పుతుంటే ఆయన గుమ్మం బయట ఆగి, కర్రల కింది రబ్బరు తొడుగులు తువ్వాలుతో శుభ్రంగా తుడుచుకుని అప్పుడు లోపలికి వచ్చేవారు. కోర్టు పని సగమే. మిగతా సగం బడులు, బ్యాంకులు, ఆసుపత్రుల చుట్టూ తిరగడం. వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం గుమ్మం ఎలా ఉండాలో, బాత్‌రూం తలుపు ఎంత వెడల్పుండాలో చెప్పి, దగ్గరుండి సరిచేయించేవారు. "కేసు వేస్తే కాగితం మీద గెలుస్తామండీ, గుమ్మం దాటలేం" అనేవారు. కేసులు రాకుండా చేసుకునే లాయరు ఈయనొక్కడేనని తోటి వకీళ్లు ఆటపట్టించేవారు.

నాకు గుడివాడలో ఒక ప్రైవేటు కాలేజీలో లెక్చరర్ ఉద్యోగం వచ్చింది. నాది చక్రాల కుర్చీ. వానాకాలం నీళ్లొస్తాయని ఆ కాలేజీని మూడడుగుల ఎత్తున కట్టారు. ఎటు చూసినా మెట్లే. సెక్రటరీ గారు మంచి మనిషి. "మా అటెండర్లు ఉన్నారుగా, చెరోపక్కా పట్టుకుని ఎత్తేస్తారు. నువ్వు మా ఇంటి పిల్లలాంటిదానివి" అన్నారు. రోజూ విద్యార్థుల ముందు నన్ను ఎత్తి దించుతారన్న ఊహకే ప్రాణం చచ్చిపోయింది. కాదంటే ఉద్యోగం పోతుంది. నేను సరే అనేయబోతుంటే మావయ్య ఆగమని, నాతోపాటు గుడివాడ వచ్చారు.

"మీ మనసు మంచిదేనండీ" అన్నారు సెక్రటరీ గారితో. "ఆ అటెండర్లు సెలవు పెట్టిన రోజున ఈ పిల్ల సంగతేంటి? జాలి వద్దండీ, వాలు కట్టించండి. చట్టం కూడా ర్యాంపే అడుగుతోంది."

కట్టించారు. మా వైపు ఇళ్లల్లో మోటారుసైకిలు లోపలికి ఎక్కించుకోవడానికి గుమ్మం ముందు బాగా ఏటవాలుగా సిమెంటు పోస్తారు చూడండి, అచ్చం అలాగే. మేం వెళ్లేసరికి దానిమీద అప్పుడే రెండు బళ్లు పెట్టేశారు. "ఎంత బరువు బండైనా రయ్యిన ఎక్కేద్దండీ" అన్నాడు మేస్త్రీ గర్వంగా. నాకు ఏడుపొచ్చింది. మావయ్య మాత్రం పకపకా నవ్వి, "పనితనం బ్రహ్మాండం మేస్త్రీ! కానీ మా అమ్మాయికి ఇంజను లేదు కదయ్యా" అన్నారు.

సెక్రటరీ గారికి చిర్రెత్తుకొచ్చింది. "ఇప్పుడు పగలగొట్టమంటారా?"

"తప్పదండీ. అడుగు ఎత్తుకి పన్నెండడుగుల పొడవుండాలి. గోడ వారగా తిప్పుకుందాం. మధ్యలో కాస్త ఊపిరి పీల్చుకోవడానికి చదునుగా ఒక మలుపు పెడదాం" అన్నారు మావయ్య. పని అయ్యేదాకా ఆ ఎండల్లో బందరు నుంచి వస్తూనే ఉన్నారు. ఎన్నిసార్లు చెప్పినా నా దగ్గర బస్సు ఛార్జీ కూడా తీసుకోలేదు.

నేను ఉద్యోగంలో చేరిన రోజున సాయం పట్టబోయిన వాళ్లందర్నీ కర్ర అడ్డం పెట్టి ఆపేశారు. "నువ్వు పైకెళ్లి పిలువమ్మా, నేనొస్తాను" అన్నారు. పైకి వెళ్లి పిలిచాను. ఆయన ముందు కళ్లు తుడుచుకుని, తర్వాత కర్రలు తుడుచుకుని, మెల్లిగా ఎక్కి వచ్చారు. ఆ రోజు ఆయన మొహంలో కనిపించిన సంతోషం నేను మా నాన్న మొహంలో కూడా చూడలేదు.

నిన్న కాలేజీలో ఆయనకి సంతాప సభ పెట్టారు. మా సభలన్నీ పై అంతస్తు హాల్లోనే జరుగుతాయి. లిఫ్టు పెట్టించమని ఆయన అడుగుతూనే పోయారు. సభ ఉన్నప్పుడల్లా నేను కింద స్టాఫ్‌రూంలో కూర్చుని మైకులో వింటుంటాను. ఆయన గురించి కూడా కింద నుంచే వినాలా అని దిగులుపడుతూ గేటు దాటాను.

హాల్లోని కుర్చీలన్నీ కిందికి దిగుతున్నాయి. అటెండర్లు, లెక్చరర్లు తలా రెండు మోస్తున్నారు. సెక్రటరీ గారు కూడా ఆయాసపడుతూ ఒకటి తెచ్చి వరసలో వేశారు. ఆవరణలో బల్లమీద మావయ్య ఫొటో ఉంది. దానికెదురుగా, ముందు వరస మధ్యలో, ఒక చక్రాల కుర్చీ పట్టేంత చోటు ఖాళీగా వదిలేశారు.