పంపు గదిలో చెక్క పీట

నాకు డిగ్రీ లేదు. బోయిన్‌పల్లి మార్కెట్లో కమీషన్ దుకాణాల పద్దులు రాస్తూ లెక్కలు నేర్చుకున్నాను. పేటలకు నీళ్లందించే ఒక చిన్న ప్రభుత్వ సంస్థ ఆడిట్ కమిటీలో బయటి సభ్యుడు ఒకరుండాలంటే నన్ను పెట్టుకున్నారు. మూడు నెలలకొక మీటింగు, సమోసా, చాయ్, సంతకం.

ఆడిటర్లు ఎత్తిచూపిన ప్రతి లోపాన్నీ అక్కడ పేరా అంటారు. సంస్థ దానికి జవాబు రాస్తుంది. జవాబు వస్తే పేరా ముగిసినట్టే. పని జరిగిందా అని వెళ్లి చూసే ఆనవాయితీ లేదు. ముగిసిన పేరాలు ఎన్ని ఎక్కువుంటే బోర్డుకు పంపే నివేదిక అంత అందంగా ఉంటుంది.

ఈసారి ముగించాల్సిన వాటిలో బన్సీలాల్‌పేట్ వైపున్న పంపు గది పేరా ఒకటి. మోటారుకు ఎర్తింగ్ లేదని, స్విచ్ డబ్బా షాక్ కొడుతోందని ఆడిటర్లు రాశారు. "ఆపరేటరు భద్రతకు చెక్క పీట ఏర్పాటు చేయడమైనది" అని సంస్థ జవాబు. ఆ మాట నాకు మింగుడుపడలేదు. మీటింగు ముందు రోజు బస్సు దిగి అక్కడికి వెళ్లాను.

ఆపరేటరు నా వయసువాడే. నేలంతా తడి. పీటెక్కి, ఎడమ చెయ్యి వీపు వెనక పెట్టుకుని స్విచ్ వేశాడు.

"ఆ చెయ్యేంది అట్ల?" అన్నాను.

"రెండు చేతులు ముట్టిస్తే పట్టుకుంటది సార్. ఒక్కటైతే జెర గుంజి ఇడుస్తది."

"పీట ఆఫీసోళ్లు ఇచ్చిన్రా?"

నవ్వాడు. "మా ఇంటిది సార్. పీట ఎప్పుడు తెస్తవని మా ఆమె రోజూ అడుగుతది. నేనొస్తున్న కద, చాలదా అంటా."

మర్నాడు మీటింగుకు వెళ్లేసరికి మినిట్స్ టైపై ఉన్నాయి. ఎప్పుడూ అంతే. మేం మాట్లాడబోయేది మాకన్నా ముందు టైపిస్టుకు తెలుస్తుంది. "పేరా ముగించడమైనది" అని ఉంది. నేను పీట సంగతి చెప్పాను.

"ఎవరిదైతేనేం, పీట ఉంది కదా," అన్నారు ఛైర్మన్. రిటైరైన పెద్ద అధికారి. "మీరు కూరగాయల లెక్కలు చూసినవారు. కరెంటు మనకెందుకండీ?"

"కరెంటు సంగతి వదిలేద్దాం సార్. జరగని పని జరిగిందని బోర్డుకు రాస్తున్నాం. అది మన పనే."

కార్యదర్శి నా వైపు సమోసా ప్లేటు జరిపాడు. "జెర సమజ్ చేస్కోండి సార్. ఒక్క పేరా కోసం నివేదికంతా ఆగుతది."

మూడో సభ్యుడు వాచీ చూసుకున్నాడు. ఛైర్మన్, అతను ముగించాలన్నారు. నేను సంతకం పక్కన రాశాను: "ఎర్తింగ్ వేయలేదు. పీట ఆపరేటరు ఇంటిది. నేను ఒప్పుకోను." సంతకాలయ్యాక ఆ కాగితాన్ని అలాగే బోర్డుకు పంపక తప్పలేదు.

గెలిచినట్టేమీ అనిపించలేదు. కాప్రాలో మా ఇంటిదాకా బస్సులో నిలబడే వెళ్లాను. కాళ్లు లాగాయి.

బోర్డులో ఎవరో ఆ పీట సంగతేమిటని అడిగారట. కొన్ని వారాలకు మళ్లీ పంపు గదికి వెళ్లాను. గుమ్మం ముందు ఎర్తింగ్ కోసం గుంత తవ్వి ఉంది. వైరు ఇంకా రాలేదు.

"ఏమన్నా మారిందా?" అన్నాను.

"మారింది సార్. మొన్నటిదాకా పీట ఎక్కుతుంటి. ఇప్పుడు గుంత దుంకి పీట ఎక్కుతున్న."

ఇద్దరం నవ్వాం. నవ్వు ఆగాక అతను ఎడమ చెయ్యి వెనక్కి పెట్టుకుని స్విచ్ వేశాడు. నేను తల తిప్పుకోలేదు.

తర్వాతి మీటింగు మినిట్స్‌లో "ఎర్తింగ్ పని పూర్తయినది" అని టైపై ఉంది. ఆ పొద్దున పంపు గది చూసే వచ్చాను, వైరు రాలేదు. చాయ్ పక్కన పెట్టి, ఆ వాక్యం కొట్టేయమన్నాను. కార్యదర్శి నిట్టూర్చి పెన్ను తీశాడు. నేను చెప్పినట్టే రాశాడు: "గుంత మాత్రమే."