బుడ్డల కుప్ప ముందర నేను గెలిచిన డిబేట్

మా చిన్నప్పుడు బుడ్డల కుప్ప ముందర కూర్చోకుండా మా ఇంట్లో ఏ పెద్ద మాటా తేలేది కాదు... బుడ్డలంటే వేరుశనక్కాయలు. ఎండాకాలంలో, విత్తే ముందర, విత్తనం కాయలను చేత్తోనే ఒలవాల. గింజ చిట్లితే మొలవదు గదా!

ఆళ్లగడ్డలో మా ఇంటి వసారాలో కుప్ప పోసేవాళ్లు. చుట్టూ పెద్దలు కూర్చునేవాళ్లు. ఎవరి పెండ్లి, ఎవరి చదువు, ఏ చేన్లో ఏం వేయాల... అన్నీ ఆడనే. ఒకటే కట్టుబాటు. కుప్ప అయిపోయేదాకా ఎవరూ 'సరే' అనకూడదు, 'వద్దు' అనకూడదు. అడగొచ్చు, అనుమానం చెప్పొచ్చు, ఊరికే ఒలుస్తా ఉండొచ్చు. తీర్పు మాత్రం ఆఖరి కాయ తర్వాతే. అదీ మా పెద్దనాయన నోటితోనే.

ఇప్పుడు ఈ సంగతి ఎందుకంటే... మొన్న ఇదే గ్రూపులో ఒక మహానుభావుడు డిబేట్ అన్నా డెలిబరేషన్ అన్నా ఒకటే, రెండూ చర్చే అని తేల్చి పారేసినాడు. కింద అందరూ చప్పట్ల బొమ్మలు. నాలుగు రోజులుగా నాకు కుదురు లేదు. రాస్తున్నా, చెరిపేస్తున్నా... లేచి నడిచి, మళ్లీ వచ్చి కూర్చుంటున్నా.

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొన్నేండ్లకు నేను నంద్యాలలో హైస్కూలు చదివేటప్పుడు మా ఇంగ్లీషు సారు కూడా ఇదే చెప్పినాడు. పరీక్షలో ఆ రెండు మాటలకూ ఒకే అర్థం రాస్తే రైటు కొట్టి, పక్కన 'భేష్' అని రాసినాడు. సారు పోయి చాలా కాలమైంది. అయినా ఆ రైటు గుర్తును నేనింకా క్షమించలేదు.

ఆ ఏడే స్కూల్లో డిబేట్ పోటీ. చీటీలో ఏ పక్షం వస్తే ఆ పక్షం మాట్లాడాల. 'పల్లె మేలా, పట్నం మేలా' అంటే నాకు పట్నం వచ్చింది. పల్లె వచ్చి ఉంటే పల్లే మేలని అంతే గట్టిగా అరిచేవాణ్ణి. ఫస్టు ప్రైజు ఫౌంటెన్ పెన్ను. దాన్ని జేబుకు తగిలించుకొని, సెలవులకు శిరివెళ్ల మీదుగా బస్సులో ఇంటికొచ్చినా... కాళ్లు నేల మీద ఆనడం లేదు.

ఆ ఎండాకాలం కుప్ప ముందరికి వచ్చిన మాట మా అక్కది.

అక్క నాకంటే మూడేండ్లు పెద్ద. ఎనిమిది ప్యాసై ఇంట్లోనే ఉంది. నంద్యాలలో టీచరు ట్రైనింగుకు పంపాలా, వద్దా? దరఖాస్తుకు వారమే గడువు. అక్క వంటింటి గడప దగ్గర చాట ఒళ్లో పెట్టుకొని, ఒకే గింజను అటూ ఇటూ తిప్పుతా ఉంది.

"ఆడ యాడుంటాది రా బిడ్డ?" అని అడిగినాడు పెద్దనాయన.

"తెలిసినోళ్ల ఇల్లు చూడాల, అన్నా," అన్నాడు మా నాయన.

"ఒంట్లో బాగలేకపోతే ఎవరు చూస్తారు?"

"నెలకోపారి నేను పోయి చూసొస్తాలే" అంది అవ్వ.

మాట ఎంత బాగా నడుస్తాందో నాకు తెలియలేదు. నా కండ్లకు పెద్దనాయన ప్రశ్నలన్నీ ఎదుటి పక్షం పాయింట్లలాగే కనపడినాయి. లేచి, స్కూల్లో మాదిరి చేతులు వెనక్కి కట్టుకొని నిలబడినా.

"పెద్దనాయన మాటల్లో మూడు తప్పులు ఉండాయి!"

"కూచోరా, కాయలు తొక్కుతాండావ్," అంది అవ్వ.

వింటేగా! చేతులు ముందుకు తెచ్చి, ఒక్కో వేలు మడుస్తా ఒక్కో మాటా కొట్టేసినా. పక్కింట్లో పరుపులు కుట్టే ఖాసిం మామ కూడా ఆ పొద్దు ఒలవడానికి వచ్చినాడు. "వకీలు పుట్టినాడప్పో మీ ఇంట్లో!" అని నవ్వినాడు. ఆ నవ్వు నా నెత్తికెక్కింది. ఆఖరి దెబ్బ వేసినా.

"చదువు విలువ ఈయనకేం తెలుసు? నిరుడు రిజిస్ట్రారాఫీసులో కాగితం తలకిందులు పట్టుకొని చదివినట్టు నటించినాడు గదా!"

అందరూ నవ్వినారు. మా నాయన కూడా తల వంచుకొని నవ్వినాడు. అక్క నవ్వలేదు.

పెద్దనాయన లేచినాడు. ఒళ్లోని గింజలు జలజలా రాలినాయి. పంచె దులుపుకొని, "నువ్వే గెలిచినావ్ లేప్పా. ఇంగ నాతో పనేముండాది," అని బయటికి పోయినాడు.

కుప్ప సగంలో నిలిచిపోయింది. ఆయన మళ్లీ కూర్చోకుండా ఆ మాట ఎత్తే ధైర్యం ఎవరికీ లేదు. మిగిలిన కాయలు కూలోళ్లు ఒలిచినారు. గడువు దాటిపోయింది.

తర్వాత ఖాసిం మామ నంద్యాల పోయొచ్చి నన్ను పక్కకు పిలిచినాడు. "ఏంది రా నువ్వు చేసింది? మీ పెద్దనాయన పోయిన నెలలోనే మా చెల్లెలి పక్కింట్లో రూము మాట్లాడి పెట్టినాడంట. ఆ ఇంటి ముసలామె తోడుంటాది, బిడ్డకు భయం ల్యాదు అన్నాడంట."

అంటే... ఆయన మనసులో ఎప్పుడో సరే అనుకున్నాడు. ఇంట్లో వాళ్ల భయాలన్నీ బయటికి రానిచ్చి, అందరి చేతా సరే అనిపించాలని ఒక్కొక్కటే అడుగుతాండె. డెలిబరేషన్ అంటే అది, గ్రూపులోని పెద్దమనిషీ! డిబేట్‌లో ఎవరో ఒకరు ఓడాల. పెద్దనాయన ఓడినాడనుకున్నా. ఓడింది మా అక్క.

మరుసటి ఏడు అక్కను అవుకు ఊర్లో ఇచ్చి పెండ్లి చేసినారు. ఆ మాట తేలిన పొద్దు నన్ను కుప్ప దగ్గరికి రానియ్యలేదు.

నిరుడు పోయి చూస్తే, అక్క మునిమనవరాలిని ఒళ్లో కూర్చోబెట్టుకొని అక్షరాలు దిద్దిస్తా ఉంది. ఎంత ఓపిక! నేను చూస్తాండానని తెలిసి, "ఆ పొద్దు బలే మాట్లాడినావ్ లేరా," అంది. తిట్టి ఉంటే బాగుండు.

ఇప్పుడు విత్తనం కాయలను మిషన్ ఒలిచి పారేస్తుంది. సాయంత్రమైతే టీవీలో నలుగురు కూర్చొని ఒకరి మీద ఒకరు అరుస్తారు. వాళ్ల చేతులు ఖాళీ...

మీ ఇండ్లల్లో మాట తేలేదాకా చేతులకు ఏ పని పెట్టేవాళ్లు? గుర్తుంటే రాయండి. నేను వెంటనే జవాబివ్వను. అట్లా జవాబిచ్చే, ఒక కుప్పను సగంలో ఆపినా.