ఎడ్మంటన్‌లో ఐదు నెలల ఫర్నేస్ డ్యూటీ

మా ఇల్లున్న సర్రీ నుంచి పద్నాలుగు గంటలు డ్రైవ్ చేసి, నవంబర్ మొదటి సోమవారం ఉదయం 6.10కి ఎడ్మంటన్‌లో రిపోర్ట్ చేశాను. మైనస్ పంతొమ్మిది. గాలి వాయవ్యం నుంచి. నేలంతా చదును. ఎటు చూసినా ఒకే ఎత్తు ఇళ్లు, ప్రతి ఇంటి కప్పు మీదా సన్నటి పొగగొట్టం. పదిహేడేళ్లు ఆర్మీలో చేసి హవల్దారుగా దిగినవాణ్ణి కాబట్టి 'రిపోర్ట్ చేయడం' అనే మాట నన్నింకా వదల్లేదు. "ఐదు నెలల ఉద్యోగానికి పోస్టింగ్ అంటారేంటండీ, యుద్ధానికి వెళ్తున్నట్టు" అని బయల్దేరేటప్పుడు మా ఆవిడ నవ్వింది. నేనూ నవ్వాను.

ఈ చలి ఎరగనివాళ్ల కోసం ఒక్క మాట. ఇక్కడ ప్రతి ఇంటి బేస్‌మెంట్‌లోనూ ఫర్నేస్ ఉంటుంది. గ్యాస్ మండించి, రేకు గొట్టాల గుండా ఇల్లంతా వేడి గాలి తోస్తుంది. అది ఆగితే కొన్ని గంటల్లో నీళ్ల పైపులు గడ్డకట్టి పగులుతాయి. మా కంపెనీ పని ఆగినవాటిని నడిపించడం, శబ్దం చేసేవాటిని చూడటం.

వ్యాన్ ఒకటి. టూల్ బ్యాగు, గ్యాస్ మీటరు, తలకు కట్టుకునే లైటు, రెండు జతల గ్లవ్స్, మోకాళ్ల కింద వేసుకునే రబ్బరు ముక్క. ఏ ఇంటికి వెళ్లాలో రేడియోలో చెప్పే డిస్పాచర్. జలంధర్ ఆవిడ, నాతో హిందీలోనే మాట్లాడేది, "హవల్దార్ సాబ్" అని పిలిచేది. నా పైన సీనియర్ టెక్నీషియన్. ముప్పై ఏళ్లుగా ఇదే పని. ఎడమ చెవి సరిగా వినపడదు. అయినా శబ్దాల పాఠం చెప్పింది ఆయనే.

"కీచుమని అరిస్తే ఫ్యాన్ బేరింగ్ పోయింది. గలగలమంటే స్క్రూ వదులైంది. ఈల వేస్తే ఫిల్టర్ దుమ్ముతో మూసుకుపోయింది. టక్ టక్ అంటే రేకు వేడికి సాగుతోంది, వదిలెయ్. ఢబ్ అంటే మాత్రం వెంటనే వెళ్లు."

"ఏమవుతుంది?"

"గ్యాస్ ఆలస్యంగా అంటుకుంటోందన్నమాట. బర్నర్‌లో మురికైనా ఉండాలి, మంటకు గాలైనా అందకుండా ఉండాలి. గాలి అందకపోతే మనుషులు పోతారు."

మొదటి రెండు నెలలూ హాయిగానే గడిచాయి. మన తెలుగువాళ్ల ఇళ్లు చాలానే తగిలాయి. ఒకింట్లో ఫర్నేస్ తిరిగినప్పుడల్లా గోడలో గజ్జెల చప్పుడు. ఇంటావిడ అప్పటికే దిష్టి కూడా తీయించింది. గొట్టం విప్పితే మూడు గాజులూ ఒక టీ స్పూనూ బయటపడ్డాయి. వాళ్ల నాలుగేళ్ల పాప నేలలోని జాలీ గుండా ఒక్కొక్కటే జారవిడిచిందట. "ఐ వాజ్ ఫీడింగ్ ఇట్" అంది పాప. ఆ కథ తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో తిరిగింది. దాంతోపాటు నా నంబరూ తిరిగింది. ఫోన్లో శబ్దం వినిపిస్తే చాలు, హవల్దార్ గారు జబ్బు చెప్పేస్తారని పేరొచ్చింది. నిజం చెప్పాలంటే ఆ పేరు నాకు బాగా తలకెక్కింది.

జనవరిలో మైనస్ ముప్పై ఎనిమిదికి దిగింది. పొద్దున రేడియోలో ఆర్డరు ఒక్కటే. వేడి లేని ఇళ్లు ముందు, శబ్దాల ఇళ్లు తర్వాత. శబ్దం చేస్తోందంటే నడుస్తున్నట్టే కదా అన్నది లెక్క. రోజుకు పద్నాలుగు ఇళ్లు. తిండి వ్యాన్‌లోనే.

ఆ బుధవారం ఉదయం 11.20. ఒక ముసలావిడ ఇంట్లో మోకాళ్ల మీద కూర్చుని మోటారు బిగిస్తున్నాను. ఫోన్ మోగింది.

"అంకుల్, నమస్తే. నేను శ్రావణ్. మాది వరంగల్, ఇక్కడ కాలేజ్ల చదువుతున్న. గ్రూప్ల మీ నంబర్ దొరికింది. మా బేస్‌మెంట్ల ఫర్నేస్ ఆన్ అయినప్పుడల్లా సౌండ్ వస్తుంది. మీ కంపెనీకి కాల్ చేస్తే శుక్రవారం వస్తమన్నరు."

"ఎలాంటి సౌండు?"

"ముందు ఢబ్ అంటది అంకుల్. మల్ల టక్ టక్ అని చానాసేపు."

"ఫోన్ దాని దగ్గర పెట్టు."

పెట్టాడు. నా పక్కనే ముసలావిడ మోటారు హోరు. దాన్ని ఆపి వినొచ్చు. ఆపలేదు. ఫోన్లో టక్ టక్ వినిపించింది. దానికి ముందు ఢబ్ అన్నాడు కదా అని అడగాలి. అడగలేదు. ఇంకా పది ఇళ్లున్నాయి.

"రేకులు సాగుతున్నాయి బాబూ. ఈ చలికి మామూలే."

"ఆఫ్ చేయమంటరా అంకుల్? మేం ముగ్గురం నైట్ షిఫ్ట్ చేసొచ్చి పొద్దుగాల పండుకుంటం."

"ఆఫ్ చేస్తే పైపులు పగులుతాయి. ఆన్‌లోనే ఉంచు. శుక్రవారం నేనే వస్తా."

"సరే అంకుల్. మీరు చెప్పిన్రు, ఇంగ పరేషాన్ లేదు."

ఫోన్లో ఇంకా ఉంది ఆ కాల్. ఒక నిమిషం యాభై సెకన్లు.

గురువారం మధ్యాహ్నం 2.40. రేడియోలో డిస్పాచర్. గొంతు వేరేగా ఉంది.

"హవల్దార్ సాబ్, బండి పక్కకు ఆపండి."

ఆపాను.

"కార్బన్ మోనాక్సైడ్. ముగ్గురు స్టూడెంట్లు. ఇల్లు మన లిస్టులోదే, రేపటిది. ఫైర్ వాళ్లు తలుపులు తీసి గ్యాస్ ఆపారు. ఫర్నేస్ విప్పి చూపించడానికి గ్యాస్ ఇన్‌స్పెక్టర్ మన మనిషిని రమ్మంటున్నాడు."

"పిల్లలు?"

"ఇద్దర్ని హాస్పిటల్‌కి తీసుకెళ్లారు. ఒకబ్బాయి లేడు."

అడ్రస్ చెప్పింది. పేర్లు చెప్పింది. అందులో శ్రావణ్ పేరుంది. ఆ ఇంటికి పన్నెండు నిమిషాల దారి. నాకు అరగంట పట్టింది.

ఫర్నేస్ గది చిన్నది. మంటకు కావలసిన గాలి బయటి నుంచి రావడానికి గోడలోంచి ఒక గొట్టం దిగుతుంది. దాని నోటి నుంచి రోజంతా చలిగాలి కొడుతుంది. అది చూసి పిల్లలు కన్నం అనుకున్నారు. ఇంటి నుంచి తెచ్చుకున్న పాతచీరల బొంతను నాలుగు మడతలు పెట్టి ఆ గొట్టంలో కుక్కారు. గది తలుపు కింద తువ్వాలు దోపారు. అలారం వంటింటి డ్రాయర్‌లో గరిటెల పక్కన దొరికింది, బ్యాటరీ తీసేసి ఉంది. పోపు పెట్టిన ప్రతిసారీ కూస్తోందని తీసేశారట. పొగనీ ఈ విషవాయువునీ కనిపెట్టేది ఆ ఒక్క అలారమేనని వాళ్లకు ఎవరూ చెప్పలేదు. మన ఇళ్లలో సగం మంది చేసే పనే అది. నేను ఎన్ని వంటిళ్లలో చూసి ఊరుకున్నానో నాకే తెలుసు.

ఇన్‌స్పెక్టర్ బొంత అలాగే ఉంచి ఒకసారి వెలిగించమన్నాడు. తలుపులన్నీ తెరిచి, మీటర్లు పట్టుకుని నిలబడ్డాం. ఢబ్. అంత స్పష్టంగా. చెవిటివాడికైనా వినపడుతుంది. అలమరలో దేవుడి పటం ముందు అగరుబత్తీల ప్యాకెట్ ఉంటే ఒకటి వెలిగించి పొగగొట్టం అంచున పట్టుకున్నాను. సీనియర్ నేర్పిన పద్ధతి. గాలి సరిగా ఉంటే పొగను పైకి లాక్కుపోతుంది. ఆ పొగ వంగి నా మొహం మీదికొచ్చింది.

నాలో లేచిన కోపం ఆ పిల్లల మీద కాదు. ఆర్మీలో రెండు చలికాలాలు ఎత్తైన పోస్టులో ఉన్నాను. బంకర్‌లో కిరోసిన్ బుఖారీ పొయ్యి. ఎంత మంచు పడినా గాలి కన్నం మూయకూడదన్నది అక్కడ చావుబతుకుల ఆర్డరు. రోజూ సాయంత్రం నా చెయ్యి ఆ కన్నంలో పెట్టి చూసుకుని గానీ మా వాళ్లని పడుకోనిచ్చేవాణ్ణి కాదు. అదే మనిషిని, ఆ ఒక్క ప్రశ్న ఫోన్లో అడగలేకపోయాను. గాలొచ్చే దారి ఏదైనా మూశారా అని.

పోయినవాడి పేరు అఖిల్. జ్వరంగా ఉందని మిగతా ఇద్దరూ వాడికి వెచ్చటి చోటు ఇచ్చారు. ఫర్నేస్ గది గోడకు ఆనుకుని.

ఇన్‌స్పెక్టర్‌కు కాల్ సంగతి చెప్పాను. "గొట్టం మూశారని నీకు తెలుసా?" అన్నాడు. తెలియదన్నాను. రెండు లైన్లు రాసుకుని పుస్తకం మూశాడు. తిట్టినా బాగుండేది.

మూడో రోజు హాస్పిటల్‌కు వెళ్లాను. శ్రావణ్ కూర్చుని ఉన్నాడు. తల తిరుగుతోందని కళ్లు మూసుకునే మాట్లాడాడు.

"ఆ బొంత పెట్టింది నేనే అంకుల్. వాడికి సలి పెడుతుందని."

"ఆన్‌లో ఉంచమన్నది నేను."

"మీకు తెల్వదు కదా."

"తెలియాలి. నా పనే అది."

వాడు ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. హాస్పిటల్ నుంచి బయటికొచ్చిన మూడో కుర్రాడు ఆ వారంలోనే అఖిల్ శవపేటికతో ఇండియా విమానం ఎక్కాడు.

నేను హాస్పిటల్‌కు వెళ్లొచ్చిన మర్నాడు డిస్పాచర్ ఎవరూ అడక్కుండానే ఒక కాగితం రాసి తన స్క్రీన్ పక్కన అంటించుకుంది. ఎవరు ఏ శబ్దం అన్నా, గాలి గొట్టం గురించీ అలారం గురించీ ముందు అడగాలని. ఢబ్ అన్నవాళ్లకు అక్కడికక్కడే ఆఫ్ చేసి బయటికి రమ్మని చెప్పాలని. నేను ఫోన్లో జబ్బు చెప్పడం మానేశాను. "ఏంటి హవల్దార్ గారూ, పెద్దవాళ్లయిపోయారు" అని గ్రూపులో ఎవరో ఎకసెక్కెం చేశారు. పడ్డాను.

మార్చి ఆఖరి రోజు. కాంట్రాక్టు అయిపోయింది. మైనస్ నాలుగు. వ్యాన్ అప్పగించి, నా కారులో సామాను సర్దుకుని మధ్యాహ్నం ఒంటిగంటకు శ్రావణ్ కొత్త గదికి వెళ్లాను. మళ్లీ బేస్‌మెంటే. స్టూడెంట్లకు ఇంకేం దొరుకుతుంది? లోపల ఫర్నేస్ గది తలుపు తీసి ఉంది. ఎదురుగా ప్లాస్టిక్ కుర్చీ. గోడకు రెండు కొత్త అలారాలు. వాడి కళ్ల కింద నల్లగా గుంటలు.

"ఇక్కడ కూర్చుంటున్నావా?"

"షిఫ్ట్ నుంచి వచ్చినంక కూసుంట అంకుల్. మంట నీలంగ ఉన్నదా లేదా సూస్త."

"నిద్ర?"

"నేను పండుకుంటే ఎవరు వింటరు?"

సెంట్రీ డ్యూటీలో అరిగిపోయిన కుర్రాళ్లను చాలామందిని చూశాను. ఇలాంటివాణ్ణి చూడలేదు. ఫర్నేస్ మొత్తం విప్పి చూశాను. గొట్టం, బర్నరు, ఫిల్టరు, అలారాలు, అన్నీ. గంటన్నర పట్టింది. అంతా సరిగా ఉంది. చెప్పాను. తలూపాడు గానీ కుర్చీ వదల్లేదు.

"లేవరా. వెళ్లి పడుకో. నేను కూర్చుంటాను."

"మీరు సర్రీ పోవాలె గదా?"

"రేపు వెళ్తా."

"పోరు కదా అంకుల్, నేను లేసే దాక?"

"పోను."

వెళ్లి మంచం మీద వాలాడు. నా మాట మీద మళ్లీ పడుకున్నాడు. పది నిమిషాల్లో ఒళ్లు తెలియని నిద్ర.

మర్నాటి రాత్రికి సర్రీ చేరాను. మా ఆవిడ అన్నం పెడుతూ "పోస్టింగ్ ఎలా జరిగింది?" అని అడిగింది. ఏ ఇంట్లో ఫర్నేస్ ఆన్ అయినా నాకు కనిపించేది ఆ మధ్యాహ్నమే. తెరిచిన తలుపు, మంచం మీద నోరు కొంచెం తెరుచుకుని పడుకున్న కుర్రాడు, ఛాతీ దాకా లాక్కున్న దుప్పటి. మంట వంక చూడటం మానేసి, ఐదు గంటల పాటు ఆ దుప్పటి లేస్తోందా, దిగుతోందా అని చూస్తూ కూర్చున్నాను.